చేయి ఆనించి పడ్డాక: ఎక్స్‌రేలో కనిపించని మణికట్టు విరుపును ఎమ్మారైతో ముందే పట్టుకోవడం

బండి మీద నుంచో తడి గచ్చు మీదో జారినప్పుడు ఎవరైనా అప్రయత్నంగా అరచేయి చాచి నేలకు ఆనిస్తారు. ఆ అదురు మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో ఎక్కువగా బొటనవేలి వైపునున్న స్కాఫాయిడ్‌ను విరుస్తుంది. వాపు తక్కువగా ఉండి వేళ్లు ఆడుతుంటే బెణుకే అనుకుని నూనె రాసి తోమిస్తారు. దయచేసి ఆ పని చేయించవద్దు.

బొటనవేలిని బిగించి పైకి చాచండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన, బిగిసిన రెండు తాళ్లలాంటి వాటి మధ్య చిన్న గుంట పడుతుంది. అక్కడ వేలికొనతో మెల్లగా నొక్కి, రెండో చేతిలోనూ అదే చోట నొక్కి పోల్చుకోండి, ఎందుకంటే బాగున్న చేతికి కూడా అక్కడ కాస్త నొప్పి ఉండవచ్చు. తేడా స్పష్టంగా తెలిస్తే ఎముకల వైద్యుణ్ణి కలవండి. చేయి వంకర తిరిగినా, వేళ్లు తిమ్మిరెక్కినా ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

సాధారణంగా ముందు ఎక్స్‌రే తీస్తారు. అయితే ముక్కలు పక్కకు జరగని విరుపు తొలిరోజుల్లో అందులో కనిపించకపోవచ్చు కాబట్టి, కట్టు వేసి 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయడం పాత పద్ధతి. ఈ ఎముకకు రక్తం ప్రధానంగా వేళ్ల వైపు నుంచి ప్రవేశించి మోచేతి వైపు వెనక్కి ప్రవహిస్తుంది. నడుమ విరిగితే వెనక ముక్కకు రక్తం అందక అది అతుక్కోకపోవచ్చు, చచ్చుబడిపోవచ్చు కూడా. అందుకే తొలివారంలోనే ఎమ్మారై గురించి వైద్యుణ్ణి అడగడం మంచిదని నా అభిప్రాయం. బ్రిటన్‌లో వైద్యులకు సూచనలు రూపొందించే నైస్ సంస్థ 2016 మార్గదర్శకాలు, క్షుణ్ణంగా పరీక్షించాక అనుమానం ఉంటే, తొలి చిత్రంగానే ఎమ్మారైని పరిశీలించమన్నాయి.

ఎమ్మారైకి వైద్యుడు రాసిచ్చే చీటీ మీద 'మణికట్టు నొప్పి' అని మాత్రమే ఉంటే సరిపోదు. ఎప్పుడు, ఎలా పడ్డారో, ఎక్కడ నొక్కితే నొప్పో రాయించండి. మణికట్టుకు ప్రత్యేకించిన కాయిల్ (ఎమ్మారైలో సంకేతాలను అందుకునే భాగం) ఉన్న కేంద్రమైతే మేలు. ఎమ్మారై చిత్రంలో ఎముక మజ్జలో చేరిన నీరు, దాని మధ్య నల్లని గీత కనిపిస్తే విరుపు. గీత లేకుండా నీరు మాత్రమే ఉంటే లోదెబ్బ, అంటే ఎముక విరగకుండా లోపల నలగడం. పేస్‌మేకర్, చెవిలో అమర్చిన పరికరం, కంట్లో లోహపు రజను వంటివి ఉంటే ముందే చెప్పాలి. లోహపు పట్టీలున్న స్ప్లింట్ (చేయి కదలకుండా కట్టే ఆసరా) తీసేయాలి. మామూలు ప్లాస్టర్ కట్టు అడ్డు కాదు.

ఎమ్మారై దొరకకపోతే సీటీ గీతను చూపగలదు, లోదెబ్బను మాత్రం సరిగా చూపలేదు. ఏదీ వీలుకానప్పుడు, నొప్పి పూర్తిగా తగ్గినా సరే, వైద్యులు చెప్పేదాకా కట్టు విప్పకండి, ఆ రెండో ఎక్స్‌రే మానుకోకండి.