రేషన్ షాపు నుంచి రీసెర్చ్ దాకా: డిగ్రీలోనే హెచ్‌సీఐ పరిశోధన మొదలుపెట్టడం ఎలా?

అనంతపురంలో బీటెక్ చదివే పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు: "పరిశోధన చేయాలంటే ఐఐటీలో సీటు ఉండాలా సార్?" అక్కర్లేదు. మనుషులు యంత్రాల్ని, కంప్యూటర్లను ఎలా వాడుతున్నారో చూసి వాటిని సులువు చేసే చదువే హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్, అంటే హెచ్‌సీఐ. అందులో ముందు కావాల్సింది మనుషుల్ని ఓపిగ్గా గమనించడం.

నెల మొదట్లో ఒక పూట రేషన్ షాపు దగ్గర నిలబడండి. ఒక అవ్వ మెషిన్ మీద బొటనవేలు పెడుతుంది. పడదు. కొంగుతో తుడుచుకొని మళ్లీ పెడుతుంది. పడదు. చెనిక్కాయలు ఒలిచి ఒలిచి వేలి గీతలు అరిగిపోయాయి. తెర మీద ఏదో ఇంగ్లీషులో వస్తుంది. డీలరు "గట్టిగా అదుము అవ్వా" అంటాడు. ఆమె మాత్రం తప్పు తనదే అనుకుంటుంది. మీ పరిశోధన మొదలయ్యేది ఇక్కడే.

చూసినదాన్ని చిన్న ప్రశ్నగా మార్చండి. "వేలిముద్ర సమస్య" అంటే మరీ పెద్దది. "వేలు ఎందుకు పడలేదో మెషిన్ తెలుగులో పలికితే అవ్వ తర్వాత ఏం చేయాలో తనే తెలుసుకోగలదా?" అన్నది మీరు తేల్చగలిగిన ప్రశ్న. తర్వాత పరిశోధన పేపర్లు దొరికే గూగుల్ స్కాలర్ వెబ్‌సైటులో వెతకండి. 1982 నుంచి జరుగుతున్న సీహెచ్‌ఐ అనే అంతర్జాతీయ హెచ్‌సీఐ సదస్సు పేపర్లు, మన దేశంలో జరిగే ఇండియా హెచ్‌సీఐ సదస్సు పేపర్లు ఒక పది చదివితే దారి తెలుస్తుంది.

ఇక పరీక్ష. అసలు ఆధార్ జోలికి, నిజమైన వేలిముద్రల జోలికి అస్సలు పోవద్దు. అట్టముక్క మీద మెషిన్ బొమ్మ గీసి, ఫోన్‌లో రికార్డు చేసిన మాటలు వినిపిస్తే చాలు. ముందుగా మీ కాలేజీలో ఒక సారుకో మేడమ్‌కో చెప్పండి, అవ్వ అనుమతి అడగండి, వద్దంటే వదిలేయండి. ఒక విడతలో ఐదుగురితో చూస్తే లోపాలు చాలావరకు బయటపడతాయని ఈ రంగంలో పేరున్న నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాశాడు. అది లోపాలు వెతకడానికి సరిపోతుంది, శాతాలు చెప్పడానికి సరిపోదు. ఒక వస్తువు వాడటం ఎంత సులువో కొలవడానికి 1986 నాటి ఎస్‌యూఎస్ అనే పది వాక్యాల ప్రశ్నావళి అందరూ వాడతారు. అందులో ఒకటి మెచ్చుకునే వాక్యం, ఒకటి తప్పుపట్టే వాక్యం వస్తాయి కాబట్టి చదువు రానివాళ్లు తికమకపడతారు. ఎన్నిసార్లు ప్రయత్నించింది, ఎక్కడ ఆగింది, ఏమంది రాసుకోవడమే నయం.

చేతిలో ఈ నోట్సు ఉంటే ఆ సారునో మేడమ్‌నో గైడ్‌గా ఉండమని ధైర్యంగా అడగొచ్చు. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల సమ్మర్ ఫెలోషిప్‌కూ ఇది పనికొస్తుంది. అక్టోబరు నుంచే దాని తేదీలు చూస్తుండండి, సిఫార్సు లేఖ కూడా కావాలి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, ఐఐటీ బాంబేలోని ఐడీసీ అనే డిజైన్ స్కూలు, ఐఐటీ గువాహటి డిజైన్ విభాగం ప్రొఫెసర్లకు నేరుగా మెయిల్ రాయండి. పది లైన్లు దాటొద్దు: ఏం చూశారు, ఏం ప్రయత్నించారు, ఎక్కడ ఆగిపోయారు, వాళ్ల ఏ పేపరు చదివాక రాస్తున్నారు. ఒకే మెయిల్‌ను యాభైమందికి పంపితే ఇట్టే పట్టేస్తారు.

రెండు వారాలైనా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. ఈలోగా అట్టముక్కలో లోపాలు దిద్దుకొని, రెండో విడతకు ఇంకో ఐదుగురిని అడగండి.