అడవిని చదవడం – 3వ పాఠం: మేడికాయ కోసి చూద్దాం

పోయిన పాఠంలో నోటుబుక్కులో మూడు గడులు గీసుకున్నాం: ఏ రెండు జీవులు, ఎవరు ఏమిచ్చారు, ఎవరు ఏం తీసుకున్నారు. ఇద్దరికీ లాభమైతే పరస్పర సహజీవనం, ఒకరి లాభం ఇంకొకరికి నష్టమైతే పరాన్నజీవనం, రెండోవారికి వచ్చేదీ పోయేదీ లేకపోతే సహభోజకత్వం. పేర్లు బట్టీ పట్టకండి. గడులు నిండాకే పేరు.

డెల్టాలో అడవి అనగానే కాకినాడ పక్కన కోరింగ మడ అడవే గుర్తొస్తుంది. అక్కడికి తర్వాత వెళ్దాం. ఈ పాఠానికి కాలువ గట్టు మీది మేడిచెట్టు చాలు. ఒక చెట్టు మీద ఒక కాపు కాయలన్నీ ఇంచుమించు ఒకే ఈడులో ఉంటాయి కాబట్టి రెండు మూడు చెట్లు తిరగాలి.

పచ్చికాయను బ్లేడుతో నిలువుగా కోయండి. లోపలి గోడ నిండా ఉన్నవి పూలే. తొడిమకు ఎదురు కొనన పొలుసులు కప్పిన సన్న రంధ్రం ఉంటుంది. నువ్వుగింజంత కూడా లేని ఆడ కందిరీగ అందులోంచే దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి. భూతద్దం పెడితే అవి పొలుసుల మధ్య ఇరుక్కుని కనిపించవచ్చు. అది తెచ్చిన పుప్పొడి పూలకు అంటిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. కొన్ని వారాలకు ఆ గుడ్ల నుంచి పెరిగిన వాటిలో రెక్కల్లేని మగవి ముందు పూలలోంచి బయటపడి, ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు దారి తొలుస్తాయి. ఆడవి కొత్త పుప్పొడితో ఆ దారిన ఎగిరిపోయి ఇంకో చెట్టు వెతుక్కుంటాయి. వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులే!

గడి నింపండి. చెట్టు ఇచ్చింది: పిల్లలకు ఇల్లు, తిండి, అంటే గింజలు కావాల్సిన కొన్ని పూలు. పొందింది: పుప్పొడి మోత. ఇద్దరికీ లాభమే, కానీ ఊరికే వచ్చింది కాదు.

ఇక్కడే చాలామంది ‘మేడి–కందిరీగ: సహజీవనం’ అని రాసి పుస్తకం మూసేస్తారు. తొందరపడకండి. కాయ బయట కూర్చుని, తోకలాంటి పొడవాటి సూదిని లోపలికి దించే కందిరీగలు వేరే ఉన్నాయి. ఇవి గుడ్లు పెట్టుకుంటాయి గానీ పుప్పొడి పని చెయ్యవు. వీటికి వేరే వరస గీయాలి.

అభ్యాసం: ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు తిరుగుతున్న గుత్తి ఒకటి, చీమల్లేని గుత్తి ఒకటి ఎంచుకోండి. ఒక్కోదాని దగ్గర పావుగంట నిలబడి సూది కందిరీగలను లెక్కపెట్టండి. చీమలు వాటిని బెదరగొడతాయి, దొరికితే పట్టుకుపోతాయి. (కొమ్మకు ఆనుకోకండి, మిమ్మల్నీ వదలవు.) అలాగని చీమను చెట్టు పక్షాన వేసేయకండి. తొడిమల దగ్గర తెల్లటి పిండినల్లి ఉందేమో చూడండి. అది చెట్టు రసం పీలుస్తుంది, దాని ఒంట్లోంచి వచ్చే తియ్యటి జిగురు కోసం చీమ దాన్ని కాపాడుతుంది. కనిపిస్తే ఇంకో రెండు వరసలు గీయండి: పిండినల్లి–చెట్టు, పిండినల్లి–చీమ. నింపాక పేర్లు మీరే పెట్టండి.