“నాన్నకు చెప్పకండి” అని ఇంట్లోవాళ్లు అడిగితే

బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చింది. కొడుకు వరండాలోనే ఆపి, “నాన్నకు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు” అంటాడు. అక్కడ వాదించొద్దు, చెప్పనని మాటా ఇవ్వొద్దు. “చెబితే ఏమవుతుందని మీ భయం?” అని అడగండి. అన్నం మానేస్తారనో, వైద్యం వద్దంటారనో అంటారు. గతంలో ఆత్మహత్యకు ప్రయత్నించారని తెలిస్తే మాత్రం ముందు సైకియాట్రిస్టుతో మాట్లాడండి.

అసలు ఈ చిక్కు రాకుండా బయాప్సీకి పంపే రోజే పెద్దాయననే అడగాలి: “రిపోర్టు వచ్చాక వివరాలు మీకే చెప్పమంటారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా?” జవాబును ఆయన మాటల్లోనే, తేదీ, టైముతో కేసు షీటులో రాయండి. “మావాడితో చెప్పండి” అంటే అదీ ఆయన హక్కే. అయినా ఏ వైద్యం చేస్తున్నారో, దానివల్ల ఏ ఇబ్బందులు రావచ్చో ఆయనకు తెలియకుండా కీమోకు సంతకం తీసుకోకూడదు. స్పృహలో ఉన్న పెద్దవాళ్ల తరఫున కొడుకు సంతకం చాలదు. సమీరా కోహ్లీ కేసులో మత్తులో ఉన్న కూతురి ఆపరేషన్‌కు తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు ప్రాణాపాయమేమీ లేదు, ఆమె మెలకువ వచ్చేదాకా ఆగవచ్చు.

చెప్పేటప్పుడు కూర్చోండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. “మీ జబ్బు గురించి ఇప్పటిదాకా మీకు ఏమని చెప్పారు?” అని మొదలుపెట్టండి. చాలాసార్లు ఆయనకు సగం తెలిసే ఉంటుంది. తర్వాత “మనం అనుకున్నదానికన్నా పెద్ద సమస్యేనండీ” అని ఆగండి. ఆ మౌనాన్ని మాటలతో నింపాలనిపిస్తుంది, నింపకండి. ఆయన అడిగాకే తర్వాతి మాట.

మాటల దగ్గరే ఎక్కువ పొరపాట్లు. “పాజిటివ్” అంటే మంచి వార్త అనుకునేవాళ్లున్నారు. “గడ్డ” అంటే సెగగడ్డ అనుకుని కీమో మధ్యలో మానేస్తారు. క్యాన్సర్ అనే మాటను ఒక్కసారైనా స్పష్టంగా అనాలి. “అర్థమైందా?” అంటే అందరూ తలూపుతారు. దానికి బదులు “ఇంటికెళ్లి అమ్మగారికి ఏం చెబుతారు?” అని అడిగితే ఏది చేరిందో, ఏది చేరలేదో బయటపడుతుంది.

“మా నాన్నకైతే నేను చెప్పను” అని మీకు అనిపించవచ్చు. అది మీ ఇంటి సంగతి, మంచం దగ్గరికి తేవద్దు. దేవుడి ప్రస్తావన కూడా ఆయన తెస్తేనే.

డ్యూటీ మారేటప్పుడు ఏ మాటలతో ఎంతవరకు చెప్పారో నర్సుకు అప్పజెప్పండి. నిద్రపట్టక ఆయన రాత్రి రెండింటికి అడిగేది ఆమెనే.