సెట్టింగ్ ముట్టుకునే ముందు

గాజువాకలో మా వీధి పిల్లలకు నేను కంప్యూటర్ బాబాయిని. స్టీల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక, పాత లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా గుమ్మం ఎక్కేవాళ్లు ఎక్కువయ్యారు. అందరికీ విండోస్ బదులు లినక్స్ మింట్ సిన్నమన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిస్తున్నాను. మర్నాడే అడుగుతారు: "బాబాయ్, సెట్టింగులు మార్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి?"

ఏదీ వేసుకోవద్దు. ఉన్నవి తెరవండి చాలు.

మొదట తెరవాల్సింది టైమ్‌షిఫ్ట్. మింట్‌తోనే వస్తుంది. మీ సిస్టమ్ ఈ రోజు ఎలా ఉందో అలా ఒక కాపీ తీసి దాచుతుంది. డిస్క్ ఫార్మాట్ మామూలు ఎక్స్‌ట్4 (ext4) అయితే, కాపీ తీసే పద్ధతిగా ఆర్‌సింక్ (RSYNC) ఎంచుకోండి. రోజువారీ కాపీలు రెండో మూడో చాలు. మొదటి కాపీ కొన్ని జీబీలు తింటుంది, ఆ తర్వాత మారిన ఫైళ్లకే చోటు పడుతుంది. ఒక్కమాట: మీ ఫొటోలు, డాక్యుమెంట్లు ఉండే హోమ్ ఫోల్డర్‌ను ఇది మామూలుగా కలుపుకోదు. పెళ్లి ఫొటోలు వేరే డిస్క్‌లోకి మీరే ఎక్కించుకోవాలి.

ఈ పని వాయిదా వేసినందుకు మా పక్కింటి కుర్రాడు ఒక సాయంత్రమంతా మా వరండాలో కూర్చున్నాడు. ఎవరో చెప్పారని, ఒక్క క్లిక్‌తో చెత్తంతా ఊడ్చేస్తానన్న టూల్ వేశాడు. కనిపించిన గడులన్నీ టిక్ పెట్టాడు. మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర, తెల్లక్షరాల్లో లాగిన్ అడుగుతోంది. టైమ్‌షిఫ్ట్ కాపీ ఉండుంటే మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి వెనక్కి తెచ్చేవాణ్ణి. లేదు. అయితే ఏ ప్యాకేజీ, అంటే ఏ సాఫ్ట్‌వేర్ మూట, ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో సిస్టమ్ తనే రాసుకుంటుంది. వార్ (var) ఫోల్డర్‌లో లాగ్ (log), అందులో ఆప్ట్ (apt), అందులో హిస్టరీ (history.log) అనే ఫైలు. అది చూసి పోయినవన్నీ ఒక్కొక్కటే మళ్లీ వేశాను.

అందుకే కొత్త టూల్ చూస్తే నేను మూడు అడుగుతాను. ఏం మార్చబోతోందో ముందే చూపిస్తుందా? వెనక్కి రావడానికి దారుందా? తయారుచేసినవాళ్లు ఇంకా దాన్ని చూసుకుంటున్నారా? ఉబుంటు ట్వీక్ అనే ఇలాంటి టూల్ ఒకప్పుడు అందరూ వాడేవాళ్లు, అది ఎప్పుడో ఆగిపోయింది. దాని మీద రాసిన సలహాలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఒకాయన యాస్ట్ అనే సెట్టింగుల టూల్ కోసం ఓపెన్‌సూసే అనే మరో రకం లినక్స్ వేయమన్నారు. యాస్ట్ మంచిదే, అన్నీ ఒకేచోట. కానీ 2025లో వచ్చిన ఓపెన్‌సూసే లీప్ 16 వెర్షన్‌లో అది లేదు, దాని స్థానంలో కాక్‌పిట్ అనే టూల్ పెట్టారు. బ్రౌజర్‌లో 9090 పోర్టులో తెరుచుకుంటుంది. సర్వర్లు చూసుకునేవాళ్లకు బాగుంటుంది. వైఫై, ప్రింటర్ చాలనుకునే ఇంటికి ఎందుకు? పాత మెషీన్ అయితే ఎంఎక్స్ లినక్స్ అనే ఇంకో రకం చూడండి, ఎంఎక్స్ టూల్స్ అని చిన్నచిన్న పనిముట్లు ఒక పెట్టెలో సర్ది ఇస్తారు.

మింట్‌లో మిగతావి చెప్పేంత కష్టం కావు. గ్రాఫిక్స్ కార్డుంటే డ్రైవర్ మేనేజర్‌లో "రికమెండెడ్" అని ఉన్నదే ఎంచుకోండి. డెస్క్‌టాప్ రానప్పుడు నెట్ కావాలంటే టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే నల్ల తెర) ఎన్‌ఎమ్‌టీయూఐ (nmtui) అని కొట్టండి, బాణం కీలతో వైఫై ఎంచుకోవచ్చు. తెలుగు టైపింగ్‌కు కీబోర్డ్ లేఔట్లలో తెలుగు కలిపితే ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డ్ వస్తుంది. మా వదినగారికి తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టడం అలవాటు, ఆవిడకు ఐబస్ (IBus) అనే టైపింగ్ టూల్‌లో అందుకు పనికొచ్చే ఆర్‌టీఎస్ (RTS) పద్ధతి పెట్టాను.

ప్లాంట్‌లో ట్రాన్స్‌మిటర్ మీద చెయ్యి వేసే ముందు పాత రీడింగ్ లాగ్‌బుక్‌లో రాసేవాళ్లం. ఇక్కడా అంతే. ఏ విండో అయినా పాస్‌వర్డ్ అడిగిందంటే మొత్తం సిస్టమ్‌నే మార్చబోతోందని అనుకోండి. పాత విలువ రాసుకోండి, ఒక్కటే మార్చండి, రీస్టార్ట్ చేసి చూడండి. పక్కింటి కుర్రాడు ఇప్పుడు పది రూపాయల నోట్‌బుక్ ఒకటి లాప్‌టాప్ బ్యాగులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు.