ఎలా చేయాలి: సంఘం పనులకంటే ముందు దేవునితో అరగంట

ఆదివారం ఆరాధన, బుధవారం ఇళ్లలో జరిగే కాటేజ్ మీటింగ్, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం క్వయిర్ ప్రాక్టీస్. అన్నీ దేవుని పనులే. ఆయనతో ఒంటరిగా కూర్చుని ఎన్నాళ్లయిందో మాత్రం గుర్తుండదు. ఇరవై ఏళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను. ఇలా పరుగెత్తి పరుగెత్తి, చివరికి సేవే మానేసినవాళ్లను చూసి బాధతో ఇది రాస్తున్నాను.

కావాల్సినవి ఒక చాప, అచ్చు బైబిల్. ఫోన్‌లో బైబిల్ వద్దు, వచనం తీసేలోపే క్వయిర్ గ్రూపు మెసేజ్ కనబడుతుంది. ఫోన్ పక్కగదిలో ఉండాలి.

వేళ తెల్లవారుజామే. రాత్రికి చూద్దాం అనుకుంటే సగం వచనంలోనే కళ్లు మూతపడతాయి. మార్కు సువార్త 1వ అధ్యాయం చూడండి. సాయంత్రం పట్టణమంతా ఇంటి వాకిట్లో కూడింది, ప్రభువైన యేసు ఎందరినో స్వస్థపరిచారు. అయినా మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్లిపోయారు. అందరూ నీ కోసం వెదుకుతున్నారని శిష్యుడు సీమోను వచ్చి చెప్పేది ఆ తర్వాతే.

కూర్చోగానే ఒక కీర్తన పాడండి. తర్వాత పది వచనాలు పైకి చదవండి, అంతకంటే ఎక్కువ వద్దు. ఏడాదిలో బైబిల్ పూర్తి చేసే పట్టికలు నాకు నచ్చవు. 1,189 అధ్యాయాలంటే రోజుకు మూడు పైనే. పనుల ఒత్తిడిలో ఉన్నవాళ్లకు అదీ ఇంకో పనైపోతుంది.

అందరూ తప్పేది ఇక్కడే: ఆ పది వచనాలు ఇతరులకు చెప్పడానికి కాదు, మన కోసం చదవాలి. పాఠం చెప్పేవాళ్లకు, వాక్యం చెప్పేవాళ్లకు ఇది చాలా కష్టం. నా బైబిల్లో లూకా 10వ అధ్యాయం పక్కన పెన్సిల్‌తో "చార్టు, రెండు బొమ్మలు, ఆదివారం" అని ఉంది. "మార్తా, మార్తా, నీవు అనేకమైన పనులను గూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు" అని, తన ఇంటికి వచ్చిన ప్రభువుకు వడ్డించే పనుల్లో మునిగిపోయిన మార్తతో ఆయన అంటున్న చోట నేను పాఠం చార్టు గురించి రాసుకున్నాను. ఆ మాట నాతోనే అన్నారని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

గుర్తుపట్టడం తేలికే. "ఇది పిల్లలకు బాగా చెప్పొచ్చు" అనో, "ఈ మాట ఫలానా అక్క వింటే బాగుండు" అనో అనిపించిందా, మీరు దారి తప్పినట్టే. అక్కడే ఆగండి. వచనం మొదటికి వెళ్లి, మార్త పేరున్న చోట మీ పేరు పెట్టి పైకి చదవండి. మనసుకు గుచ్చుకున్నా వెంటనే పక్క వచనానికి పారిపోవద్దు. కాసేపు అలాగే కూర్చోండి.

గుర్తొచ్చిన పనులు రాసుకోవడానికి పక్కన కాగితం పెట్టుకోమంటారు కొందరు. వద్దు. కాగితం ఉంటే పనులు ఇంకా గుర్తొస్తాయి. పాఠం తయారీ సాయంత్రం, వేరేచోట, వీలైతే వేరే బైబిల్‌తో చేసుకోండి. నా దగ్గర రెండున్నాయి, చాప దగ్గరి దానిలో ఇప్పుడు పెన్సిల్ పెట్టను.

తర్వాత ఆ వచనంలోని మాటలతోనే ప్రార్థన చేయండి. ముందు మీ సంగతి, ఆ తర్వాతే సంఘం సంగతులు.

ఒకరోజు తప్పిపోతే మర్నాడు రెండింతలు చదవొద్దు. బైబిల్లో గుర్తుగా పెట్టిన రిబ్బన్ ఎక్కడుందో అక్కడినుంచే, ఎప్పటిలాగే పది వచనాలు.