పెన్నులు చేయాలంటే ఎలాంటి చక్ కొనాలి, కన్నం ఎలా వేయాలి

కొత్తగా లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) కొన్నవాళ్లు ముందు ఉలుల మీద, పెన్ను మాండ్రెల్ (కన్నం వేసిన ముక్కను గుచ్చి తిప్పే కడ్డీ) మీద డబ్బు తగలేస్తారు. నేనూ అదే చేశాను. నా మొదటి ఆరు పెన్నుల్లో ఐదు పాడయ్యాయి, ఒక్కటి కూడా ఉలి దగ్గర పోలేదు, అన్నీ డ్రిల్లింగ్‌లోనే పోయాయి. కన్నం కాస్త వంకరగా వెళ్లిందంటే తర్వాత ఎంత ఓపిగ్గా చెక్కినా ఒక పక్క కర్ర పలచబడిపోయి, కన్నంలో అతికించిన ఇత్తడి గొట్టం తళుక్కున బయటపడుతుంది. అందుకే ముక్కను పట్టుకునే చక్, కన్నం వేసే సామాను ముందు కొనండి, మిగతావి నెమ్మదిగా కొనుక్కోవచ్చు.

చక్ కొనేముందు స్పిండిల్ (లేత్‌లో తిరిగే ఇరుసు, చక్ దీని మీదే ఎక్కుతుంది) మర చూసుకోవాలి. చిన్న చెక్క లేతుల్లో ఎక్కువగా అంగుళం మందం, అంగుళానికి 8 చుట్ల మర వస్తుంది, కొన్నిటికి ఎం33, అంటే 33 మి.మీ. మర ఉంటుంది. కంటితో చూసి "ఇదే అయ్యుంటుంది" అనుకోవద్దు. నేను అలా తెప్పించిన చక్ రెండు చుట్లు ఎక్కి ఆగిపోయింది, తిప్పి పంపిన ఖర్చు నా మీదే పడింది. దగ్గర్లో లేత్ షాపు ఉంటే థ్రెడ్ గేజ్ పెట్టి చూడమనండి, రెండు నిమిషాల పని.

ఇక ఏ చక్? పెన్నుకు వాడే కర్ర ముక్క సాధారణంగా 19 మి.మీ. చదరం. ఇనుము పని చేసే లేతుతో వచ్చే త్రీ జా చక్ (మూడు దవడలది) గుండ్రటి కడ్డీని బాగా పట్టుకుంటుంది గానీ చదరం ముక్కను పట్టలేదు. కర్రకు నాలుగు జాస్ (దవడలు) కలిసి కదిలే స్క్రోల్ చక్ కావాలి. దాంతో పాటు వచ్చే 50 మి.మీ. జాస్ గిన్నెలకు పనికొస్తాయి, చాలా వాటిలో పూర్తిగా మూసినా మన ముక్క మధ్యలో వదులుగానే ఉంటుంది. కాబట్టి పొడవాటి పెన్ జాస్ విడిగా అడగండి. మాండ్రెల్‌కి పెట్టే డబ్బు వీటికి పెట్టినా నష్టం లేదు. ఈఆర్32 కాలెట్ చక్ (దవడలకు బదులు చీలికలున్న గొట్టం బిగుసుకుని పట్టేది) 20 మి.మీ. దాకా గుండ్రటి వాటిని చాలా నిఖార్సుగా పట్టుకుంటుంది, కానీ మొదటి రోజే అవసరం లేదు.

టెయిల్‌స్టాక్‌కి (స్పిండిల్‌కి ఎదురుగా, లేత్ అవతలి కొసన ఉండే భాగం) 13 మి.మీ. డ్రిల్ చక్ చాలు, వెనక టేపర్ (సన్నబడుతూ పోయే కాడ) మీ లేత్‌ది ఎంటీ2 (మోర్స్ టేపర్ 2 అనే సైజు) అయితే అదే కావాలి. చవకది కొన్నా పర్లేదు గానీ, కొనేటప్పుడు మంచి తిన్నటి డ్రిల్ బిట్ బిగించి, లేత్‌లో పెట్టి తిప్పి చూడండి, కొన ఊగితే తీసుకోవద్దు. బిగించే ముందు టేపర్‌ని, అది దిగే గుంతని పొడిగుడ్డతో తుడవండి, చిన్న పొట్టు ఇరుక్కున్నా చక్ పక్కకు వాలుతుంది.

ఏ సైజు బిట్ అన్నది పెన్ను కిట్‌ని (ఇత్తడి గొట్టం, క్లిప్పు లాంటి విడిభాగాల సెట్) బట్టి. సన్నటి స్లిమ్‌లైన్ కిట్‌కి 7 మి.మీ., అది ఎక్కడైనా దొరుకుతుంది. సియెరా అనే లావుపాటి రకం కిట్‌కి అంగుళంలో 64కి 27 వంతులు, అంటే సుమారు 10.7 మి.మీ., అది మామూలు హార్డ్‌వేర్ షాపులో ఉండదు. 10.5తో సర్దుకుందాం అనుకుంటే గొట్టం బిగుసుకుపోయి జిగురంతా బయటికి తోసేస్తుంది, 11తో వేస్తే గొట్టం లోపల ఊగుతుంది. కిట్‌తో పాటే బిట్ తెప్పించుకోవడం మేలు.

కన్నం వేసేటప్పుడు ముందు పొట్టి సెంటర్ డ్రిల్‌తో చిన్న గుంత చేయండి, లేకపోతే పొడవాటి బిట్ కర్ర ఈనె వెంట జారుతుంది. కర్రకు నిమిషానికి 700-1000 చుట్లు, యాక్రిలిక్‌కి 500 లోపు వేగం చాలు. సెంటీమీటరుకోసారి బిట్‌ని పూర్తిగా బయటికి లాగి, పొట్టు దులపాలి. వేలితో ముట్టుకుంటే కాలేంత వేడిగా ఉందంటే ఆపేయండి, ఎబొనైట్‌లో (గట్టిపరిచిన రబ్బరు) అయితే ముక్కుకే తెలుస్తుంది, రబ్బరు కాలిన కంపు కొడుతుంది. చిన్న లేతుల్లో టెయిల్‌స్టాక్ చక్రం తిప్పితే ముందుకొచ్చే క్విల్ అనే భాగం ఒక్కసారికి 5-6 సెం.మీ. మాత్రమే జరుగుతుంది, ఇంకా లోతు కావాలంటే లేత్ ఆపి, బిట్ కన్నంలోనే ఉంచి, క్విల్‌ని వెనక్కి తిప్పుతూ మొత్తం టెయిల్‌స్టాక్‌ని ముందుకు జరిపి బిగించి మళ్లీ మొదలుపెట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువ ముక్కలు పోయేది చివరి అర సెంటీమీటరులో. బిట్ అవతలికి పొడుచుకొచ్చేటప్పుడు అంచు పెట్లిపోతుంది. ముక్కని గొట్టం కన్నా సెంటీమీటరు పొడవు ఉంచి, అవతలికి రాకముందే ఆపి, ఆ చివర కోసేస్తే ఆ గొడవే ఉండదు.

రాజమండ్రి రత్నం పెన్నుల్లాంటి ఎబొనైట్ పెన్ను చేయాలని మీకుంటే లెక్క వేరు. అందులో ఇత్తడి గొట్టం ఉండదు, కడ్డీలోనే మర కోయాలి, అప్పుడు కాలెట్ చక్, ట్యాపులు, డైలు (లోపలి మర, బయటి మర కోసే పనిముట్లు) కొనక తప్పదు. కిట్ పెన్నులు ఒక పది పన్నెండు తిప్పాక ఆ ఖర్చు పెట్టండి.