వేలువెలో సైకిల్ యాత్ర: ఇబ్బంది ఏమిటి, ఎందుకు వచ్చింది, ఏం చేయాలి

నెదర్లాండ్స్‌లో ఆర్న్‌హెమ్, ఏడె, ఆపెల్‌డోర్న్ ఊళ్ల మధ్య పరుచుకున్న ఇసుక నేల పేరు వేలువె. పైన్, ఓక్ అడవులు, వాటి నడుమ మోకాలెత్తు హెదర్ పొదలతో నిండిన బయళ్లు. ఆ బయళ్లనే డచ్చివాళ్లు హైడె అంటారు. ఆమ్‌స్టెల్‌వేన్‌లోనో ఐండ్‌హోవెన్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లు వారాంతంలో ఇంటిల్లిపాదితో రోజుకి 30-40 కిలోమీటర్లు తీరిగ్గా తొక్కి రావడానికి ఇంతకన్నా మంచి చోటు అక్కడ లేదు. కాకపోతే ఊళ్లో తొక్కడం వేరు. ఇక్కడ పది కిలోమీటర్లలోనే తారు, గవ్వలు పరిచిన దారి, వదులు ఇసుక, చెట్ల వేళ్లు అన్నీ తగులుతాయి. దారిలో వచ్చే ఇబ్బందులు చాలావాటికి మూలం టైర్లో గాలి, సీటు ఎత్తు. బయల్దేరే ముందు ఈ రెండింటి కోసం పది నిమిషాలు ఆగండి.

మోకాలు నొప్పి, అరచేతులు తిమ్మిరి

నొప్పి మోకాలి ముందు భాగంలో ఉంటే సీటు కిందికి ఉన్నట్టు. మోకాలి వెనక లాగుతుంటే సీటు మరీ పైకి ఉన్నట్టు. అద్దె సైకిల్‌ని ఎలా ఇస్తే అలా ఎక్కేయడం వల్ల వచ్చే బాధ ఇది.

సీటు మీద కూర్చుని పెడల్‌ని అట్టడుగుకి తెచ్చి, దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి అప్పుడు మోకాలు కొంచెం వంగుతుంది. సరైన ఎత్తు అదే. ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలని సీటు దించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మునివేళ్లు ఆనితే చాలు. ఎత్తు మార్చేటప్పుడు సీటు గొట్టం కనీసం ఎంతవరకు లోపల ఉండాలో చూపే గీత దాని మీద ఉంటుంది, అది బయటికి కనిపించకూడదు.

చేతులు తిమ్మిరెక్కితే సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో చూడండి. వంగి ఉంటే ఒంటి బరువంతా జారి అరచేతుల మీద పడుతుంది. సీటుని సమంగా చేసి, పావుగంటకోసారి చేతుల పట్టు మార్చండి.

ఇసుకలో ముందు చక్రం పక్కకి దున్నుకుపోతోంది

కోట్‌వైకర్‌జాండ్ దగ్గర గాలికి కదిలే ఇసుక మేట దాదాపు 700 హెక్టార్లు. అక్కడే కాదు, హైడె అంచుల్లో దారి మీదికి ఇసుక కొట్టుకొచ్చిన చోట్లన్నిటా ఇదే తంటా. కారణాలు మూడు: టైర్లో గాలి ఎక్కువ, ముందు బుట్టలో బరువు ఎక్కువ, ఇసుక కనబడగానే భయంతో ముందు బ్రేకు నొక్కడం.

37 మి.మీ. టైరుకి తారు మీద 4 బార్, అంటే దాదాపు 58 పి.ఎస్.ఐ. బాగుంటుంది. రోజంతా ఇసుక, గవ్వల దారులే అయితే 3.5కి దించండి. 47 మి.మీ. టైరుకి 3 చాలు. టైరు పక్క గోడ మీద కనిష్ఠం, గరిష్ఠం రెండూ అచ్చు వేసి ఉంటాయి. కనిష్ఠం కన్నా కిందికి పోకండి, చెట్ల వేళ్ల మీద ఎగిరినప్పుడు ట్యూబు రిమ్‌కి నలిగిపోతుంది. మంచినీళ్ల సీసాలు, తాళం, తిండి డబ్బాలు వెనక సంచుల్లోకి మార్చండి.

ఇసుక పట్టీ పది మీటర్ల దూరంలో ఉండగానే గేరు తేలిక చేసుకోండి. ఒళ్లు కొంచెం వెనక్కి వాల్చి, హ్యాండిల్‌ని గట్టిగా బిగించకుండా, ఆపకుండా తొక్కండి. చక్రం కాస్త అటూ ఇటూ ఆడుతుంది, ఆడనివ్వండి. దాన్ని సరిచేయబోతేనే పడిపోతారు. ఇసుక చీలమండ దాకా ఉంటే దిగి నడిపించుకు వెళ్లడమే నయం. పిల్ల వెనక సీట్లో ఉంటే ముందే దిగండి.

గాలి పోయింది

ఒక్కసారిగా పోయిందా, మెల్లగా తగ్గిందా అన్నది ముందు చూడండి. మెల్లగా తగ్గితే తప్పు ట్యూబులో కాక వాల్వ్‌లో ఉండొచ్చు. డచ్చి సైకిళ్లకి ఎక్కువగా ఉండేది మన ఊరి హీరో, అట్లాస్ సైకిళ్లకి ఉండే రకం వాల్వే: పైన గుండ్రటి నట్టు, లోపల తీసి వేసుకునే ముల్లు. వాల్వ్ కొన మీద కాస్త ఉమ్మి రాయండి. బుడగ లేస్తే నట్టు వేళ్లతో బిగించండి. అప్పటికీ లేస్తుంటే లోపలి ముల్లు మార్చండి. పాత రకానికి వాల్వ్ ట్యూబు మారిస్తే సరి. సన్నటి ప్రెస్టా వాల్వ్‌కి పట్టే పంపు దీనికీ పడుతుంది. లావుగా, కారు వాల్వ్‌లా ఉంటే అది ష్రేడర్, దాని పంపు మూతి వేరు. ఏ రకమో అద్దె దుకాణంలోనే చూసుకుని పంపు అడగండి.

నిజంగా పంక్చరే అయితే వెనక చక్రం ఊడదీయకండి. మూసిన చైను డబ్బా, వెనక్కి తొక్కితే పడే బ్రేకు, గేరు వైరు అన్నీ దానికి అతుక్కుని ఉంటాయి. అడవిలో అవి విప్పితే మళ్లీ బిగించడానికి గంట పడుతుంది. సైకిల్‌ని పక్కకి పడుకోబెట్టి, ఒక వైపు మాత్రమే టైరుని రెండు లీవర్లతో రిమ్ మీంచి తప్పించి, ట్యూబుని లాగండి. కొంచెం గాలి కొట్టి చెంప దగ్గర పెడితే చిల్లు తెలుస్తుంది. ఆ చిల్లే కారణం చెబుతుంది. బయటి వైపు ఒకే చిల్లు ఉంటే ముల్లో గాజుపెంకో. పక్కపక్కనే రెండు గాట్లు ఉంటే గాలి తక్కువై వేరు మీద నలిగింది. రిమ్ వైపు చిల్లయితే రిమ్ పట్టీ జరిగింది, దాన్ని సరిచేయకపోతే మళ్లీ అక్కడే పోతుంది.

ఉప్పుకాగితంతో గీకి, జిగురు ప్యాచ్ కన్నా కొంచెం పెద్ద వైశాల్యంలో పల్చగా రాసి, మెరుపు పోయి మొద్దుబారేదాకా, అంటే ఐదు నిమిషాలు ఆగండి. తడి జిగురు మీద ప్యాచ్ వేయడమే చాలామంది చేసే తప్పు. ఇసుక రేణువు పడినా ప్యాచ్ నిలవదు కాబట్టి కింద తువ్వాలు పరుచుకోండి. ప్యాచ్‌ని నడిమి నుంచి అంచులకి నొక్కండి. ట్యూబు లోపల పెట్టేముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడమండి. ముల్లు అక్కడే ఉండిపోతే శ్రమంతా వృథా.

గేరు జారుతోంది, పెడల్ ఖాళీగా తిరుగుతోంది

వెనక చక్రం నడిమి భాగం, అంటే హబ్ లోపలే ఉండే షిమానో నెక్సస్ రకం గేర్లలో వైరు కొద్దిగా సాగితే ఇలా అవుతుంది. 7, 8 గేర్ల దానికి 4వ గేరులో పెట్టి వెనక హబ్ దగ్గర రెండు రంగు గుర్తులు చూడండి. 3 గేర్ల దానికి 2వ గేరులో పెట్టి, ఇరుసు కొనన ఉన్న చిన్న డబ్బా కిటికీలోని గుర్తులు చూడాలి. రెండూ ఎదురెదురుగా వచ్చేదాకా వైరు కొన దగ్గరి తిప్పే మరని కొద్దికొద్దిగా తిప్పండి. ఈ గేర్లు మార్చే క్షణంలో పెడల్ మీద బలం తీసేయాలి. ఎత్తు ఎక్కుతూ బలంగా తొక్కుతూ మారిస్తే ఎంత సరిచేసినా టక్కుమంటుంది.

ఆపకుండానే సైకిల్ ఆగిపోతోంది, దిగుడులో ఆగట్లేదు

పెడల్‌ని వెనక్కి తిప్పితే బ్రేకు పడే సైకిల్ ఇది. మన దగ్గర ఆగినప్పుడు పెడల్ వెనక్కి తిప్పి కాలు సర్దుకోవడం అలవాటు. ఇక్కడ అలా చేస్తే చక్రం బిగుసుకుంటుంది. ఆగే ముందే కుడి పెడల్‌ని పైన ఉండేలా చూసుకోండి. బయల్దేరే చోట ఖాళీ స్థలంలో పదిసార్లు ఆగి, కదిలి అలవాటు చేసుకోండి.

పోస్‌బాంక్ అనే గుట్ట దాదాపు 90 మీటర్ల ఎత్తు. ఆ దిగుడంతా వెనక బ్రేకు ఒక్కదాని మీదే ఆధారపడితే హబ్ వేడెక్కి పట్టు తగ్గుతుంది. ముందు బ్రేకు కూడా ఉంటే రెండూ మార్చి మార్చి, కొంచెం నొక్కి కొంచెం వదులుతూ దిగండి. హోహె వేలువె పార్కులో ఉచితంగా ఇచ్చే తెల్ల సైకిళ్లకి గేర్లు ఉండవు, బ్రేకు వెనక్కి తొక్కేదే. చదును దారులకి అవి చాలు. వాటికి తాళం ఉండదు కాబట్టి పార్కులోని మ్యూజియంలోకి వెళ్లొచ్చేసరికి మీ సైకిల్‌ని ఇంకొకరు తీసుకెళ్లి ఉంటారు. అక్కడే ఉన్న మరొకటి మీరు తీసుకోవచ్చు. సంచులు మాత్రం దాని మీద వదలకండి.

45 తర్వాత 46 రాలేదు, దారి తప్పాం

దారి తప్పలేదు. ఇక్కడ సైకిల్ దారులు కలిసే కూడళ్లకి అంకెలు ఇచ్చారు, ఆ కూడలిని క్నోప్‌పుంట్ అంటారు. ఆ అంకెలు వరుసలో ఉండవు. 45 తర్వాత 12 రావచ్చు, ఆ తర్వాత 78. అదే అంకె వేరే ప్రాంతంలో మళ్లీ ఉంటుంది. పటం చూసి మీకు కావలసిన వరుసని ముందే కాగితం మీద రాసి హ్యాండిల్‌కి కట్టుకోండి. కూడలి దగ్గర పటంతో ఉన్న బోర్డులో తర్వాతి అంకె వైపు బాణం ఉంటుంది. నడిచేవాళ్లకీ వేరే అంకెల దారులు ఉన్నాయి. ఉన్నట్టుండి దారి ఇరుకై మెట్లు, కర్ర గేటు ఎదురైతే నడక గుర్తుల వెంట పోయారన్నమాట. వెనక్కి రండి.

అంకెల బోర్డు కనబడకపోతే నేలకి దగ్గరగా ఉండే పుట్టగొడుగు ఆకారపు దారిగుర్తు కోసం చూడండి. 1919 నుంచీ ఇవి పెడుతున్నారు. దాని మీద ఊళ్ల పేర్లు, దూరాలు, ఐదంకెల సంఖ్య ఉంటాయి. ప్రమాదమై 112కి ఫోన్ చేస్తే ఆ సంఖ్య చెప్పండి.

పూలే లేవు, పొదలు గోధుమ రంగులో ఉన్నాయి

ఊదారంగు తివాచీ ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు మొదటి రోజుల దాకానే. జూన్‌లో వెళ్తే తడి నేలలో పూసే మరో రకం హెదర్ అక్కడక్కడా కనబడుతుంది, అంతే. సరైన వారంలో వెళ్లినా గోధుమ రంగే ఉంటే కారణం కరువు కావచ్చు, 2018లో అలాగే అయింది. హెదర్ ఆకుల్ని తినే ఒక చిన్న పెంకు పురుగూ కావచ్చు. ఏ బయలు పూసిందో ముందురోజు తెలుసుకుని దారి మార్చుకోండి. హైడెలో నీడ, దుకాణం రెండూ ఉండవు. ఎండ రోజున గంటకి అర లీటరు నీళ్లు లెక్కేసుకోండి. గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి ఒంట్లో ఓపిక ఉన్న ఉదయం దానికి ఎదురు తొక్కి, తిరుగు దారిలో దాన్ని వీపున పెట్టుకోండి.

సాయంత్రం దురద, చర్మం మీద నల్ల చుక్క

ఆ చుక్క పిడుదు కావచ్చు. పొదల్లో కూర్చుంటే ఎక్కుతుంది. నూనె, స్పిరిట్ పోయకుండా చర్మానికి ఆనించి పట్టుకారుతో తల దగ్గర పట్టి నిటారుగా లాగండి. తర్వాత ఆ చోటు శుభ్రం చేసి తేదీ రాసుకోండి. మూడు నెలల దాకా ఆ చుట్టూ పెరిగే ఎర్ర వలయమో జ్వరమో వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లి పిడుదు సంగతి చెప్పండి. మే నుంచి జులై దాకా ఓక్ చెట్ల కింద దురద వస్తే అది బారులు తీరి నడిచే గొంగళిపురుగుల నూగు. గోకకుండా టేపు అంటించి పీకి, నీళ్లతో కడిగి, బట్టలు 60 డిగ్రీల్లో ఉతకండి.

రైల్లో సైకిల్ ఎక్కించనివ్వట్లేదు

పని రోజుల్లో ఉదయం 6:30 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 6:30 దాకా మడవని సైకిల్‌ని ఎక్కించనివ్వరు. జులై, ఆగస్టుల్లో ఈ అడ్డు లేదు. సైకిల్‌కి వేరే టికెట్ ఉంది. మడిచే సైకిల్‌ని మడిచి పెడితే టికెట్ అక్కర్లేదు, వేళ అడ్డు కూడా ఉండదు.